చప్పుడు పడదంటే పొగరంటున్నారు

తిరుపతి నుంచి ఒకామె రాసిన ఉత్తరం ఇది. వయసు 31. పుట్టిపెరిగింది పాకాల వైపు ఒక పల్లెలో, ఇంటి చుట్టూ మామిడితోటలు. పెళ్లయి ఎనిమిదేళ్లు. అత్తగారిల్లు టౌన్లో బజారు వీధిలో ఉంది. కింద స్టీలు సామాన్ల అంగడి, పైన కాపురం. అత్త, మామ, మరిది, భర్త, ఆరేళ్ల బాబు, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు.

చిన్నప్పటి నుంచీ ఈమెకు కొన్ని పడవు. జరీ అంచు ఒంటికి తగిలితే చీమలు పాకినట్టుంటుంది. జాకెట్టు లోపల లేబుల్ ఉంటే కత్తిరించాల్సిందే. సంగటి చేతికి అంటుకుంటే తినడం ఆపేసి కడుక్కునేది. వాళ్లమ్మ విసుక్కుంటూనే అన్నీ సర్దేది, ఇల్లు కూడా నిశ్శబ్దంగా ఉండేది కాబట్టి అదొక సమస్యని ఎవరికీ అనిపించలేదు. పెళ్లయ్యాక పొద్దున్నే లారీ నుంచి బిందెలు, గంగాళాలు దించే మోత, మిక్సీ, కుక్కర్ విజిల్, పెనం మీద అట్లకాడ గీసే చప్పుడు, సాంబ్రాణి పొగ, మరిది ఫోన్లో రీల్స్, ఇవన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఎలాగో నెట్టుకొచ్చింది.

పోయిన మే నెలలో గంగమ్మ జాతరకు ఇంటిల్లిపాదీ వెళ్లారు. డప్పులు, జనం, చెమట, వేపాకు, పొంగళ్ల పొగ. గుండె దడదడలాడి, ఊపిరాడక, కాళ్లు చల్లబడి, ఇక పోతానేమో అనిపించి పక్క సందులోకి పరుగెత్తి ఒకరి అరుగు మీద కూలబడింది. ఆసుపత్రిలో ఈసీజీ తీసి అంతా బాగుంది, గ్యాస్ అయ్యుంటుందన్నారు. ఆ రోజు నుంచి బయటికెళ్లాలంటే టెన్షన్. ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి పోలేదు, దాంతో గొడవ. నిద్ర లేదు. ఇంట్లో రోజంతా చెవుల్లో దూది. కుక్కర్ స్టవ్ మీద పెట్టినప్పటి నుంచి మొదటి విజిల్ కోసం లెక్కపెట్టుకుంటూ నిలబడుతుంది. అత్తగారు "పల్లె నుంచి వచ్చి మహారాణి పొగరు" అంటారు, ఒక తాయెత్తు కూడా కట్టించారు. భర్త మంచివాడే, కానీ "అందరూ ఉండడం లేదా, అడ్జస్ట్ అవ్వు" అంటాడు. ఫోన్లో ఏదో పరీక్ష చేసుకుంటే ఆటిజం, ఏడీహెచ్‌డీ (దేని మీదా మనసు నిలవకపోవడం), ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం) అన్నీ ఉండొచ్చని వచ్చింది. ఇప్పుడు బాబు కూడా స్కూల్ ప్రేయర్‌లో చెవులు మూసుకుంటున్నాడు, సాక్సులు వేస్తే ఏడుస్తున్నాడు. ఒక థెరపీ సెంటర్ వాళ్లు చూసి 60 సెషన్లకు డబ్బు ముందే కట్టమన్నారట.

ఆమె అడిగినవి: ఇది జబ్బా, స్వభావమా? మాత్రలు వేసుకోవాలా? వేరు కాపురం పెడితే పోతుందా? బాబుకి నా వల్లే వచ్చిందా?

ఉత్తరం మొత్తం అయిపోయి, ఉంటాను అని కూడా రాసేశాక కింద ఇంకో లైను ఉంది. "ఒక్కోరోజు నిద్రలోనే పోతే బాగుండు అనిపిస్తుంది."

అమ్మా, మీరు చివర రాసిన దాంతోనే మొదలుపెడతాను. అది మాట వరసకు రాసి ఉండొచ్చు, నిద్రలేని మనిషికి అలాంటి ఆలోచనలు రావడం వింత కూడా కాదు. కానీ అది రోజూ వస్తున్నా, ఎలా పోవాలన్న ఆలోచన దాకా వెళ్తున్నా, కింద నేను రాసిందంతా తర్వాత చదవొచ్చు, ముందు ఈ రోజే మీ ఆయనకు చెప్పండి, ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్లండి. అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చేయొచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేస్తే పిచ్చిదని ఎక్కడో రాసేసుకుంటారేమో అనుకోకండి.

ఇక పొగరు సంగతి. కింద అంగట్లో బిందె కిందపడితే ఆ శబ్దం మీ అత్తగారి చెవికీ మీ చెవికీ ఒకేలా చేరుతుంది. తేడా ఆ తర్వాత జరిగేదాంట్లో ఉంది. చెవి, చర్మం, ముక్కు, నాలుక పంపే కబుర్లలో చాలా భాగాన్ని మెదడు లెక్కచేయకుండా పక్కకు తోసేస్తుంది. మనం కట్టుకున్న బట్ట ఒంటి మీద ఉందన్న సంగతి కాసేపటికి మరిచిపోయేది అందుకే. కొందరి మెదడు అలా తోసెయ్యదు, వచ్చిన ప్రతి కబురునూ తలుపు తీసి లోపలికి రానిస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన జీన్ ఏయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోగలిగేలా తర్ఫీదిచ్చేవారు) 1960ల నుంచీ దీని మీద పనిచేశారు. 1997లో విన్నీ డన్ అనే ఇంకొక ఆమె దీన్ని రెండు ప్రశ్నలుగా విడదీశారు. ఎంత చిన్న కదలికకు మీ మెదడు ఉలిక్కిపడుతుంది అన్నది ఒకటి, ఉలిక్కిపడ్డాక మీరు ఓర్చుకుంటారా, తప్పించుకునే దారి చూసుకుంటారా అన్నది రెండోది. మీరు ఏళ్లపాటు ఓర్చుకుని, జాతర తర్వాత తప్పించుకునే వైపు వచ్చారు, అంతే.

దీనికి అవతలి కొస కూడా ఉంది. మామూలు చప్పుడు చాలక ఇంకా కావాలని వెతుక్కునే మెదళ్లుంటాయి. మీ మరిది టీవీ పెట్టుకుని, దాని ముందు ఫోన్లో రీల్స్ చూస్తూ, కాలు ఊపుతూ కూర్చుంటాడని రాశారు కదా, ఆ అబ్బాయి బహుశా ఆ రకం. మిమ్మల్ని ఏడిపించడానికి చేస్తున్నాడని నాకనిపించలేదు. ఎవరి చెయ్యి వాల్యూమ్ మీద ఉంటే వాళ్ల మాట చెల్లుతుంది, ఆ చెయ్యి మీది కాదు, అదే గొడవంతా. (నాకూ థర్మోకోల్ రాసుకునే శబ్దం వింటే పళ్లు జివ్వుమంటాయి. కొత్త మిక్సీ తెచ్చినప్పుడు డబ్బా నేను విప్పను.)

జబ్బా అంటే, చప్పుడు పడకపోవడం ఒక్కటే అయితే దానికి ప్రత్యేకంగా జబ్బు పేరు లేదు. సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్, అంటే చెవి, చర్మం లాంటివి పంపే కబుర్లను మెదడు సరిగ్గా సర్దుకోలేకపోవడం, అనే మాట మీరు ఆ థెరపీ సెంటర్లో విని ఉంటారు. 2013లో వచ్చిన, మానసిక వైద్యులు వాడే డీఎస్ఎం-5 పట్టికలో అది విడి జబ్బుగా లేదు. అంతకు ముందు ఏడాదే అమెరికా పిల్లల వైద్యుల సంఘం దాన్ని రోగనిర్ధారణగా రాయొద్దని చెప్పింది. అంటే మీ బాధ అబద్ధమని కాదు. అది చాలా జబ్బుల్లో కనిపించే లక్షణం, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కనిపిస్తుంది. ఆటిజం లక్షణాల్లో దాన్ని 2013లోనే చేర్చారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో ఉంటుంది. ఓసీడీలో 'సరిగ్గా కుదరలేదు' అనే ఒంటి చిరాకుగా ఉంటుంది. ప్రమాదమో హింసో చూసినవాళ్లు చిన్న చప్పుడుకే ఎగిరిపడతారు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు తలనొప్పి వచ్చిందంటే వెలుతురూ శబ్దమూ రెండూ శత్రువులే. మీ ఫోన్ పరీక్ష అన్ని పేర్లూ చూపించింది ఇందుకే. మన వైపు మామిడి పూత చూసి ఆ చెట్టు బెంగుళూరానా నీలమా అని చెప్పేవాళ్లుంటే చెప్పండి, నేనొచ్చి నేర్చుకుంటాను. మీరు రాసినదాంట్లో చిన్నప్పటి స్నేహాలు, చదువు, మాట తీరు గురించి ఏమీ లేదు, ఆటిజం ఉందో లేదో తేల్చేది అవే. ఆ పరీక్ష ఫలితాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మీ ఉత్తరంలో నేను మూడుసార్లు చదివింది ఆ కుక్కర్ ముందు లెక్కపెట్టుకునే సంగతి.

విజిల్ వచ్చాక కలిగే బాధ మీ చెవిది. విజిల్ ఇంకా రాకముందే కలిగే బాధ భయానిది. మీరు రెంటినీ కలిపి 'నా సమస్య' అని ఒకే మూట కట్టారు, ఇంట్లోవాళ్లూ ఆ మూటకే పొగరని పేరు పెట్టారు. ఈ రెండూ ఎలా ముడిపడతాయన్నది పరిశోధకులు కూడా తల పట్టుకున్న విషయమే. 2010లో ఇద్దరు పరిశోధకులు ఆటిజం ఉన్న పిల్లల గురించి రాస్తూ మూడు దారులు చెప్పారు. సున్నితత్వం వల్ల భయం పుట్టొచ్చు, భయం వల్ల సున్నితత్వం పెరగొచ్చు, లేదా రెంటికీ వేరు ఒకటే కావొచ్చు. మీ విషయంలో మొదటి రెండూ వరసగా జరిగినట్టున్నాయి. చర్మం, చెవుల సంగతి పసితనం నుంచీ ఉంది. భయానికి మాత్రం తేదీ ఉంది, పోయిన మే. జాతరలో మీకు వచ్చింది నేను చదివినంతలో ప్యానిక్ అటాక్‌లా ఉంది. అది సాధారణంగా ఓ పది నిమిషాల్లో పతాకస్థాయికి వెళ్లి తగ్గిపోతుంది, ప్రాణం తీయదు, కానీ ప్రాణం పోతుందనే నమ్మకం మాత్రం నూటికి నూరుపాళ్లు కలిగిస్తుంది. ఆ తర్వాత మీ శరీరం కాపలా కుక్కలా తయారైంది. కాపలాలో ఉన్న చెవికి ప్రతి శబ్దమూ రెట్టింపు. రెట్టింపు శబ్దం మళ్లీ భయాన్ని పెంచుతుంది. మధ్యలో నిద్ర పోయింది, నిద్ర తక్కువైతే ఎంత గట్టి మనిషికైనా చప్పుడు సూదిలా దిగుతుంది.

ఈ రెంటినీ విడదీయడం ఎందుకంటే, రెంటికీ చేయాల్సినవి దాదాపు ఎదురెదురు. చెవి బాధకు శబ్దాన్ని తగ్గించాలి. భయానికి మాత్రం తప్పించుకునే కొద్దీ అది బలుస్తుంది, కొద్దికొద్దిగా ఎదురెళ్లాలి. చాలా ఇళ్లలో తిరగేసి చేస్తారు. చెవి బాధ ఉన్నవాళ్లను అలవాటవుతుందిలే అని మోతలోకి తోస్తారు, భయం ఉన్నవాళ్లను పాపం అని గదిలో కూర్చోబెడతారు.

రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో రాయండి. ఏ శబ్దం, అది రాకముందే గుండె కొట్టుకుందా, వచ్చాకా, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, నెలసరికి ఎన్ని రోజులుంది, తలనొప్పి ఉందా. పెద్దగా వద్దు, రోజుకు నాలుగు లైన్లు. ఈసీజీ తీశారన్నారు, థైరాయిడ్ పరీక్ష చేశారో లేదో రాయలేదు. థైరాయిడ్ ఎక్కువైనా గుండెదడ, చిరాకు, నిద్రలేమి అన్నీ వస్తాయి, అది తేలాలి. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఒకసారి వినికిడి పరీక్ష కూడా చేయించుకోండి, మామూలు శబ్దం కూడా చెవికి నొప్పిగా తగిలే సమస్య వేరే ఉంది, అది వాళ్లే తేల్చాలి.

దూది గురించి ఒక మాట, ఇది మీకు నచ్చదు. లారీ దిగుమతప్పుడు, పెళ్లి ఊరేగింపప్పుడు పెట్టుకోండి, దానికి మెడికల్ షాపుల్లో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దూది కంటే మేలు. కానీ మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక కూడా పెట్టుకుని ఉంటే, లోపలికి వచ్చేది తగ్గిందని మెదడు తన వాల్యూమ్ తనే పెంచుకుంటుంది. తీసిన రోజు ఇంకా ఘోరంగా వినిపిస్తుంది. ఒకేసారి తీసేయకండి, నిశ్శబ్దంగా ఉన్న వేళ అరగంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి.

ఇంట్లో మార్చగలిగినవి కొన్ని ఉన్నాయి, ఖర్చు పెద్దగా లేనివి. అన్నానికి కరెంటు రైస్ కుక్కర్ పెడితే విజిల్ గొడవ సగం పోతుంది. పప్పు కుక్కర్‌ను మాత్రం మీరే స్టవ్ మీద పెట్టి మీరే ఆపండి, ఎందుకంటే మన చేతిలో ఉన్న శబ్దం ఎవరో చేసే శబ్దమంత బాధించదు. అట్లకాడ చెక్కది తెచ్చుకోండి. దిగుమతి ఎన్నింటికో ముందు రోజు రాత్రే మీ ఆయన చెబితే చాలు, మీరు బాబును తీసుకుని మిద్దె మీదికి వెళ్లొచ్చు. రోజుకు ఇరవై నిమిషాలు తలుపు వేసుకుని ఒక్కరే ఉండే వెసులుబాటు అడగండి. ఇవన్నీ చేస్తే చెవి బాధ తగ్గుతుంది. భయం మాత్రం వీటితో పోదు, అది ముందే తెలుసుకుని చేయండి, లేకపోతే ఇన్ని చేసినా తగ్గలేదని అత్తగారూ మీరూ ఇద్దరూ నిరుత్సాహపడతారు.

భయానికి వైద్యం ఉంది, బాగా పనిచేసే వైద్యమే. ఒక దారి సీబీటీ అనే మాటల చికిత్స. మీ ఒంట్లో దడ మొదలైనప్పుడు మీరు దానికి ఇచ్చే అర్థాన్ని మారుస్తారు, వదిలేసిన చోట్లకు మెట్లు మెట్లుగా తిరిగి పంపుతారు. వారం వారం వెళ్లాలి, ఇంటిపని ఇస్తారు, ఓపిక కావాలి. ఆ సైకాలజిస్టుకు మీ చిన్నప్పటి సంగతులు తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఆయన మీ బాధంతా భయమే అనుకుని రోజూ పోయి బస్టాండులో కూర్చోమంటాడు, మీరు రెండో వారం మానేస్తారు. ఇంకో దారి మాత్రలు. యాంగ్జయిటీకి, అంటే ఈ భయానికి, మామూలుగా రాసేవి పని మొదలుపెట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి కొన్ని రోజులు కొందరికి గాభరా ఇంకాస్త పెరుగుతుంది కూడా, అందుకే చిన్న మోతాదుతో మొదలుపెడతారు. తగ్గిందని మీ అంతట మీరు ఆపకూడదు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఇవి చెవుల సున్నితత్వాన్ని మార్చేవి కావు, కాపలా కుక్కను పడుకోబెడతాయి, అంతవరకే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రల జోలికి మాత్రం పోవద్దు, అవి అలవాటు పడిపోయే రకం. మీరు మాటలతో మొదలుపెట్టి, రెండు నెలల్లో కదలిక లేకపోతే మాత్రల గురించి ఆలోచించొచ్చు. నిద్ర ఇంతగా పాడైంది, పైగా చివర ఆ లైను రాశారు కాబట్టి డాక్టర్ రెండూ కలిపి మొదలుపెడదామంటే నేను ఆశ్చర్యపోను.

తిరుపతిలోనే రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ దగ్గర జనం, ఫినాయిల్ వాసన, పేర్లు పిలిచే కేకలు, ఇవి మీకు ఇంకో జాతర. అందుకని మీ ఆయన చీటీ తీసుకుని వరసలో ఉంటాడు, మీరు బయట చెట్టు కింద కూర్చుని, నంబరు దగ్గరికొచ్చాక ఫోన్ చేస్తే లోపలికి వెళ్లండి. అలా ఏర్పాటు చేసుకోవడంలో సిగ్గేమీ లేదు.

వేరు కాపురం. ఇది మీరు చాలా రోజుల నుంచి లోపల తిప్పుకుంటున్న ప్రశ్న అని రాసిన తీరులోనే తెలుస్తోంది. వెనక వీధిలో రెండు గదులు తీసుకుంటే బిందెల మోత తప్పుతుంది, నిజమే. బదులుగా బాబును చూసుకునే పెద్దవాళ్లు పక్కన ఉండరు, అద్దె పడుతుంది, అంగడి కాడ మీ ఆయన పొద్దస్తమానం ఉంటే ఆ ఇంట్లో మీరూ మీ భయమూ మాత్రమే మిగులుతారు. ఇప్పుడు దూది చేస్తున్న పనే రేపు ఆ ఇల్లు చేయొచ్చు, మీరు గడప దాటడమే మానేయొచ్చు. అలాగని వద్దనను. రోజూ మాటలు పడటమే మీకు శబ్దం కంటే ఎక్కువ బాధగా ఉంటే, వైద్యం మొదలై ఆరు నెలలైనా ఇంట్లో ఏమీ మారకపోతే, వేరుండటం న్యాయమైన కోరికే. అప్పుడు కూడా భయంలో పారిపోయినట్టు కాకుండా, నిద్ర కాస్త కుదుటపడ్డాక ఇద్దరూ కూర్చుని లెక్కలేసుకుని తీసుకునే నిర్ణయంగా ఉంటే మంచిది.

అత్తగారికి మెదడు, సెన్సరీ అని చెప్పి లాభం లేదు. ఆవిడకు మోకాళ్ల నొప్పులని రాశారు. "అత్తా, నువ్వు మోకాలు నొప్పి అంటే నేను నమ్మినా కదా, నీ మోకాలు నాకేం కనపడిందా, నా చెవి కూడా అంతే" అని ఒకసారి, గొడవ లేని రోజున, ఆవిడ కాళ్లకు నూనె రాస్తూనో పక్కన కూర్చునో అనండి. ఒక్కసారికి మారిపోతారని చెప్పను. తాయెత్తు ఉంటే ఉండనీండి, దాని మీద పోట్లాట దండగ. పైగా ఆవిడ కట్టించారంటే మీకేదో అయిందని నమ్మినట్టే కదా, ఒకవైపు పొగరంటూనే.

బాబు సంగతి. కవలల మీద చేసిన పరిశోధనల్లో ఈ సున్నితత్వం కొంత పుట్టుకతో, వంశంలో వస్తుందని కనిపించింది. కాబట్టి మీ నుంచి వచ్చి ఉండొచ్చు, మీ జుట్టు వచ్చినట్టే. మీరు చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు. సాక్సులు తిరగేసి వేసి చూడండి, వేళ్ల దగ్గర కుట్టు బయటికి పోతుంది, చాలామంది పిల్లలకు గొడవ అక్కడే. ప్రేయర్‌లో స్పీకర్‌కు దూరంగా నిలబెట్టమని టీచర్‌ను అడగండి. మాట ఆలస్యం, పిలిస్తే పలక్కపోవడం, తోటి పిల్లలతో ఆడకపోవడం లాంటివి ఏవైనా ఉంటే మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ప్రభుత్వంలో డీఈఐసీ అని పిల్లల ఎదుగుదల చూసే కేంద్రాలున్నాయి, అక్కడ డబ్బు తీసుకోరు. చిత్తూరు దాటి వేలూరు వెళ్లగలిగితే సీఎంసీలో పిల్లల ఎదుగుదలకు విడిగా విభాగమే ఉంది.

ఆ 60 సెషన్ల సెంటర్‌కు ఇప్పుడే డబ్బు కట్టకండి. ఆక్యుపేషనల్ థెరపీ కొందరు పిల్లలకు మేలు చేస్తుంది, కానీ ఉయ్యాలలూపడం, ఒంటిని బ్రష్షుతో రుద్దడం లాంటి ఈ సెన్సరీ పద్ధతికి ఆధారాలు అందరికీ ఒకేలా లేవు. వాళ్లను రెండు అడగండి. మూడు నెలల తర్వాత మా వాడు ఇప్పుడు చేయలేని ఏ పని చేస్తాడు? ఎనిమిదో పదో సెషన్ల తర్వాత మార్పు లేకపోతే ఆపేయొచ్చా? రెంటికీ నేరుగా జవాబిస్తే నెల నెలా కట్టుకుంటూ చూడొచ్చు. ప్యాకేజీ గురించే మాట్లాడితే లేచి వచ్చేయండి.

మళ్లీ మే వస్తుంది, చాటింపు వేస్తారు, జాతరకు వస్తావా రావా అని ఇంట్లో మొదలవుతుంది. ఈ ఏడాది మానేస్తే కొంపలు మునగవు. కానీ ఏటా మానేస్తూ పోతే ఆ వీధే మీకు మూసుకుపోతుంది. మధ్యలో దారి ఉంది. మొదటి రోజు బైరాగి వేషం నాడు, చివరి రోజంత జనం ఉండరు కాబట్టి, పొద్దున్నే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని, మెత్తటి పాత కాటన్ చీరలో వెళ్లి, దండం పెట్టుకుని పావుగంటలో వచ్చేయొచ్చు. ఏ సందులోంచి బయటపడాలో మీ ఆయనా మీరూ ముందే అనుకుని ఉండండి. దడ మొదలైతే అక్కడే పక్కకు జరిగి అది తగ్గేదాకా నిలబడగలిగితే ఇంకా మంచిది, నిలబడలేకపోతే వచ్చేయండి, వచ్చే ఏడు చూద్దాం.

ముందు రుయా ఓపీ. మీ ఆయన్ను తప్పకుండా తీసుకెళ్లండి, ఆ అడ్జస్ట్ అవ్వు అనే మాట డాక్టర్ ముందు అననీండి, జవాబు ఆయనకే దొరుకుతుంది. ఒక పూట అంగడి మీ మరిది చూసుకుంటాడు, బిందెలు ఎంత మోగినా ఆ అబ్బాయికి పట్టదని మీరే రాశారు.